మసి లేని గొట్టాలు

తాడు వదులు చేసి ఇనుప గుండును మళ్ళీ పొగగొట్టంలోకి దించాడు తైస్తో. గుండు పైన కట్టిన తీగ బ్రష్షు ఇటుకలను రాసుకుంటూ కిందికి పోయింది. ఆ రాపిడి అతనికి మోచేతుల్లోనే తెలిసిపోతుంది. మసి పట్టిన గొట్టమైతే తాడు మెత్తగా, బరువుగా కదులుతుంది. ఇప్పుడు చేతికి తగులుతున్నది గరగరమనే ఉత్త ఇటుక. పైకి లాగి బ్రష్షును మొహం దగ్గర పెట్టుకుని చూశాడు. తీగలు మెరుస్తున్నాయి.

"దొంగ వెధవ," అన్నాడు కప్పు మీద నిలబడి.

అక్టోబరు పొద్దు. రేకుల మీద రాత్రి కురిసిన మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. కింద కదలిక లేని సరస్సు, దాని ఒడ్డున తెల్ల బెరడు బిర్చి చెట్లు ఆకులన్నీ రాల్చేసి నిలబడ్డాయి. తైస్తోకి అరవై దాటాయి. పొట్ట పెరిగింది. ఎప్పుడో పాలకేంద్రం కప్పు మీద నుంచి పడినప్పుడు విరిగిన కుడి భుజం కాస్త వంకరగానే అతుక్కుంది. అయినా నిచ్చెన మెట్ల మీద కాళ్ళు తడబడలేదు. కాళ్ళకి ఇంకా అన్నీ గుర్తున్నాయి.

కింద పెరట్లో క్యోస్తి నిలబడి తన రబ్బరు బూట్లకేసి చూసుకుంటున్నాడు. పాడి రైతు. చిన్నప్పటి నుంచీ తైస్తోకి తెలిసినవాడు.

"ఎవడొచ్చాడు క్యోస్తీ ఇక్కడికి?"

"ఎవరొస్తారు మేస్త్రీ?"

"గొట్టం కడిగిన గిన్నెలా ఉంది. టౌను నుంచి గొట్టాలూడ్చే ఆహ్తిని పిలిచావా? నా మొహం చూసి చెప్పు."

"నేనెవర్నీ పిలవలేదు."

"మరి మసి ఎటుపోయింది? నీ ఆవులు నాకేశాయా?"

ఇంకో రోజైతే క్యోస్తి పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు మాత్రం బూటు కొనతో మంచుని గీకుతూ, "కాఫీ చల్లారిపోతోంది, రా," అన్నాడు.

ఇక్కడి మనుషుల తీరే అంత. నోరు విప్పాల్సిన చోట కాఫీ పోస్తారు. ఎదుటివాడి కొంప మునుగుతున్నా అతని సంగతిలో మనం వేలు పెట్టకూడదనేది వీళ్ళకి పుట్టుకతో వచ్చిన మర్యాద. ఆ మర్యాద చూసి మురిసిపోయే బయటివాళ్ళు చాలామందే ఉన్నారు. దాని కింద పడి నలిగినవాళ్ళని అడిగితే తెలుస్తుంది అదేమిటో.

కారులో ఊలు అల్లుకుంటూ కూర్చున్న రౌని కూడా లోపలికి వచ్చింది. తైస్తో భార్య. వసంతంలో డాక్టరు అతని డ్రైవింగు లైసెన్సు తీసేసుకున్నప్పటి నుంచీ కారు ఆవిడే నడుపుతోంది. బల్ల మీద కాఫీ కప్పులు, చక్కెర బిళ్ళల గిన్నె, పళ్ళెం నిండా యాలకుల బన్నులు, పైన ముత్యాల్లా చక్కెర పలుకులు. రౌని ఆ పళ్ళెం కేసి చూసింది. తరువాత క్యోస్తి కేసి చూసింది. క్యోస్తి తల పక్కకి తిప్పుకున్నాడు. కానీ అతని చెయ్యి తన పని తాను చేసేసింది. అన్నిటికంటే పెద్ద బన్ను తీసి తైస్తో ముందు పెట్టింది.

తైస్తో ఆ బన్ను తిన్నాడు. కోపంలో ఉన్నాడు కాబట్టి ఇంకోటి కూడా తిన్నాడు.

పొగగొట్టాలు ఊడ్చేవాడు ఇంటికొస్తే కాఫీ, బన్ను పెట్టాలి. వాడు తినాలి. వద్దంటే ఆ ఇంటావిడ చేతి వంటని కాదన్నట్టు. తైస్తో తండ్రికి ముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది. తండ్రి కాలంలో రోజుకి రెండిళ్ళు, మధ్యలో సైకిలు మీదో, మంచు మీద జారే స్కీల మీదో మైళ్ళకి మైళ్ళు. తిన్నదంతా దారిలోనే కరిగిపోయేది. తైస్తో కాలానికి వ్యాను వచ్చింది, రోజుకి ఆరిళ్ళయ్యాయి. ఆరిళ్ళంటే ఆరు కాఫీలు, ఆరు బన్నులు, కాదంటే ముఖం మాడ్చుకునే ఆరుగురు ఆడవాళ్ళు. మసి చేతులు తుడుచుకుని, గుమ్మం పక్కన స్టూలు మీద పాత పేపరు పరుచుకుని కూర్చుని, పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. పెళ్ళికి ముందూ తిన్నాడు, కూతుళ్ళు పుట్టాకా తిన్నాడు, వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళాకా తిన్నాడు. ఎవరింట్లో ఏ పొయ్యి ఎలా లాగుతుందో, ఎవరి బన్నులో వెన్న ఎక్కువో అతనికి నోటికి వచ్చేది.

యాభై దాటాక రక్తం పరీక్ష చేసి, "కొంచెం షుగరుంది, తిండి చూసుకోండి," అన్నాడు అప్పటి డాక్టరు. అంతే అన్నాడు. ఆ ముక్క కూడా కంప్యూటరు కేసి చూస్తూ అన్నాడు. కొంచెం షుగరు! కొంచెం మంట అంటుకుంది, చూసుకోండి అన్నట్టు. తైస్తో మాత్రలు మింగాడు, ఆరిళ్ళూ తిరిగాడు.

మొన్న వసంతంలో, జ్ఞాపకశక్తి పరీక్షలన్నీ అయ్యాక, ఆస్పత్రిలో ఒక నర్సు మొదటిసారి అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

"తిన్న చక్కెర కణాల్లోకి వెళ్ళాలంటే ఇన్సులిన్ వచ్చి చెప్పాలి. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువై, ఇన్సులిన్ కూడా ఎక్కువై, ఒళ్ళు దాని మాట వినడం మానేస్తుంది. మెదడు కూడా అలాగే మొండికేస్తుందని ఇప్పుడు చాలామంది అంటున్నారు. రక్తంలో చక్కెరకి కొదవుండదు. మెదడు కణాలు మాత్రం ఆకలితో మాడతాయి."

తైస్తో కాసేపు ఆలోచించాడు. "కొట్టం నిండా కట్టెలున్నాయి. పొయ్యి మాత్రం అంటుకోదు. ఇల్లంతా చలి."

"అలాగే అనుకోండి. మీ అల్జైమర్స్‌కి ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను. వయసుంది, మీ అమ్మగారికీ ఉండేదన్నారు. కానీ షుగరున్నవాళ్ళకి ఈ ముప్పు ఎక్కువ. అది తెలిసిన సంగతే."

"తెలిసిన సంగతైతే నాకెవరూ చెప్పలేదేం?" అని అరిచాడు తైస్తో. పక్క గదిలోవాళ్ళు తొంగి చూశారు. నర్సు బెదరలేదు. ఇప్పుడైనా ఆ తీపి మానేస్తే, రోజూ నడిస్తే, జారిపోవడం కాస్త నెమ్మదించొచ్చని చెప్పింది. పోయింది తిరిగి రాదని కూడా చెప్పింది. రౌని ప్రతి మాటా బుర్రలో పెట్టుకుంది. తైస్తోకి కట్టెల కొట్టం సంగతి మిగిలింది, కోపం మిగిలింది.

క్యోస్తి ఇంటి నుంచి బయల్దేరాక కారులో రౌని నోరు తెరిచింది.

"రెండు తిన్నావు."

"లెక్కపెట్టావా? గొట్టంలో మసి ఎవడు ఎత్తుకుపోయాడో అది లెక్కపెట్టు."

"నీ మీసానికి చక్కెర పలుకులున్నాయి. తుడుచుకో."

"ఇల్లిల్లూ ఇదే గోల. ఎక్కడికెళ్ళినా నాకంటే ముందు ఎవడో ఊడ్చిపోతున్నాడు. ఒక్కో ప్రాంతానికి ఒకడే అన్నది తీసేసి, ఎవడైనా ఎక్కడైనా ఊడ్చుకోవచ్చని చట్టం మార్చారు చూడు, అప్పుడే అనుకున్నా. కనబడకుండా పోయిన నా ఎర్ర టేపు బ్రష్షు కూడా వాడే కొట్టేసి ఉంటాడు."

రౌని రోడ్డు కేసి చూస్తూ నడిపింది.

"ఫోను ఇలా ఇయ్యి. ఆహ్తికి కలుపు."

"వద్దు తైస్తో."

"కలుపుతావా, కారు దిగి నడిచి పొమ్మంటావా?"

ఆవిడ రోడ్డు పక్కన కారు ఆపి ఫోను కలిపి ఇచ్చింది. ఆహ్తి టౌనులో ఉంటాడు, అదే పని చేస్తాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. తైస్తో తిట్టిన తిట్లకి కారు అద్దాలు మసకబారాయి. నీ తాడు తెగ, నీ నిచ్చెన విరగ, మా నాన్న ఎక్కిన కప్పుల మీద నీ కాళ్ళేమిట్రా అన్నాడు. పుట్టినప్పటి నుంచీ నువ్వు దొంగవే, గురువుగారి పొగాకు కూడా నువ్వే కాజేశావన్నాడు.

"సరే తైస్తో," అన్నాడు చివరికి ఆహ్తి. "తప్పయింది. ఇక మీ వైపు రాను."

తైస్తో ఫోను రౌని ఒళ్ళో పడేశాడు. ముఖం వెలిగిపోయింది.

"విన్నావా! ఒప్పుకున్నాడు! నాకు మతి పోయిందనుకుంటున్నారు అందరూ. మతి పోయినవాడు దొంగని పట్టుకోగలడా?"

రౌని కిటికీ వైపు తిరిగి మొహం తుడుచుకుంది. ఆహ్తి ఆ ఏడాదంతా ఈ వైపు ఒక్కసారి కూడా రాలేదని ఆవిడకి తెలుసు. వేసవిలో ఒకరోజు ఆవిడ కారు తియ్యనంటే, తైస్తో నల్ల దుస్తులు వేసుకుని, తాడు భుజాన వేసుకుని, మధ్యాహ్నం దాకా పెరట్లో నిలబడే ఉన్నాడు. ఎక్కడికి వెళ్ళాలో తెలియని గొడ్డులా నిలబడ్డాడు. అది చూడలేక ఆవిడే అందరికీ ఫోన్లు చేసింది. వస్తాడు, ఊడ్చిన గొట్టమే మళ్ళీ ఊడుస్తాడు, ఊడ్చనివ్వండి, డబ్బులొద్దు, ఒక్క కాఫీ ఇవ్వండి చాలు అంది. బన్ను మాత్రం పెట్టొద్దని చెప్పింది. పాపం, అందరూ అలాగేనన్నారు. అందరూ పెట్టారు.

తరువాతి ఇల్లు హెల్వి టీచరుది. ఊరి బడిలో తైస్తోకి అక్షరాలు నేర్పింది ఆవిడే. ఎనభై దాటాయి, ఒంటరిగా ఉంటోంది, ఇంకా తన కట్టెలు తనే చీల్చుకుంటుంది. పసుపు రంగు వేసిన చెక్క ఇల్లు, మధ్యలో గది గదికీ వెచ్చదనం ఇచ్చే పెద్ద ఇటుక పొయ్యి. తైస్తో వచ్చేసరికి బల్ల సర్దేసి ఉంది. అంచుల్లో నీలం పువ్వులున్న కప్పులు, వెన్న, బన్నులు.

"వచ్చావా అబ్బాయ్," అంది టీచరు. "చలెక్కువగా ఉందా పైన?"

"చలి సంగతికేం గానీ టీచరుగారూ, దొంగని పట్టుకున్నాను ఇవాళ. ఒప్పుకున్నాడు కూడా."

టీచరు రౌని కేసి చూసింది. రౌని గుమ్మంలోనే నిలబడిపోయింది.

ముందు పొయ్యి సంగతి చూస్తానని తైస్తో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అడుగున మసి తియ్యడానికి ఒక చిన్న ఇనుప తలుపుంటుంది. తెరిచాడు. లోపల పరిచిన పాత పేపరు మీద ఒక చేతి బ్రష్షు పడుకుని ఉంది. బిర్చి కర్ర పిడి, దాని చుట్టూ ఎర్ర టేపు.

"చూశారా!" అని కేక పెట్టాడు. "నా బ్రష్షే! ఇక్కడే వదిలేసిపోయాడు గాడిద కొడుకు!"

చెయ్యి పెట్టి బ్రష్షు తీశాడు. దానితో పాటే పేపరు కూడా బయటికి వచ్చింది. తైస్తో చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పేపరు నాలుగు మూలలూ లోపలికి మడిచి ఉన్నాయి. ప్రతి మూలా రెండు మడతలు, మసి జారి నేల మీద పడకుండా. అది అతని తండ్రి మడత. తండ్రికి ఆయన తండ్రి నేర్పాడు. గురువు దగ్గర ఆహ్తి దాన్ని వెక్కిరించేవాడు, ముసలమ్మ రుమాలు మడత అని. ఈ ప్రాంతంలో తైస్తో తప్ప అలా మడిచేవాడు ఇంకొకడు లేడు. పేపరు తిప్పి చూశాడు. ఈ నెలదే. బంగాళాదుంపల సంత ప్రకటన ఉంది అందులో.

తైస్తో లేవలేదు.

"టీచరుగారూ. ఆహ్తి వచ్చాడా ఇక్కడికి?"

"కాఫీ పోస్తాను, లేచి రా."

"కాఫీ తగలెయ్యండి. వచ్చాడా?"

హెల్వి టీచరు కాఫీ కూజా బల్ల మీద పెట్టింది.

"రాలేదు."

"మరెవరొచ్చారు?"

"నువ్వే వచ్చావు తైస్తో. ఈ శరదృతువులో ఇది మూడోసారి."

అతను పొయ్యి అంచు పట్టుకుని లేచాడు. మెడ దగ్గర నరాలు ఉబ్బాయి. రౌని ఒక అడుగు ముందుకు వేసి ఆగింది.

"మూడోసారి. మూడుసార్లూ నన్ను పైకి ఎక్కనిచ్చారు. కిందికి దిగాక బన్ను పెట్టారు."

"నువ్వు బాధపడతావని."

"ఈ గదిలోనే కదూ మీరు పిల్లలకి ప్రైవేటు చెప్పేవారు? నేను లెక్క తప్పు చేస్తే చెవి మెలిపెట్టి, మళ్ళీ చెయ్యరా అనేవారు. చెవి ఎర్రగా కమిలిపోయేది. ఇంటికెళ్తే అమ్మ చూసి నవ్వేది. అప్పుడు బాధపడతానని అనిపించలేదా? ఒక్క సున్నా తప్పుపెడితే ఊరుకోనివారు, మనిషికి మనిషే చెరిగిపోతుంటే చూస్తూ కాఫీ పోశారా? ఇప్పుడేమయింది మీ చెయ్యి?"

టీచరు బల్ల అంచుని పట్టుకుని నిలబడింది.

తైస్తో భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు," అంది రౌని. "నేనే అందరికీ ఫోన్ చేసి చెప్పాను."

"నువ్వు కూడానా!"

"అవును, నేను కూడా! పెరట్లో నిలబడిపోతే ఏం చెయ్యమంటావు? రోజూ చూసేది నేను. అరిచేది నా మీద. తాళాలు దాచేది నేను, పొయ్యి మూత వేశావో లేదో లేచి చూసేది నేను!" ఎన్నాళ్ళ నుంచో లోపల కుక్కుకున్నదంతా ఆవిడ గొంతులోంచి తన్నుకొచ్చింది. "ఒక్కటే అడిగాను వీళ్ళని. తీపి పెట్టకండి, ఆ బన్నులే ఈయన బుర్రని చంపుతున్నాయి, నర్సు చెప్పింది అన్నాను. ఇంత పెద్ద ఊళ్ళో ఒక మనిషికి ఉత్త కాఫీ ఇవ్వగలిగిన ఇల్లు ఒక్కటి లేదు! మర్యాద తక్కువవుతుందట! మొగుడు పోయేది నాకు, మర్యాద దక్కేది వీళ్ళకి!"

తైస్తో చేతిలో బ్రష్షుని అటూ ఇటూ తిప్పాడు. తీగలు శుభ్రంగా ఉన్నాయి.

"ఆహ్తి తప్పయిందన్నాడే," అన్నాడు. గొంతు తగ్గింది. "రానివాడు తప్పయిందని ఎందుకన్నాడు?"

రౌని అతని కోసం బల్ల దగ్గర కుర్చీ వెనక్కి లాగింది.

అతను బల్ల దగ్గర కూర్చున్నాడు. గుమ్మం పక్కన స్టూలు మీద కాదు, కుర్చీలో, మసి దుస్తులతోనే. కాఫీ పొయ్యమన్నాడు. టీచరు పోసింది. అలవాటుగా పళ్ళెం అతని వైపు జరపబోయి, ఆగి, దాన్ని ఎత్తి తీసుకెళ్ళి వంట అలమరలో పెట్టి తలుపు వేసింది. అతను చక్కెర లేని కాఫీ తాగాడు. మొహం వికారంగా పెట్టాడు.

"ఛీ. ఇంత చేదుగా ఉంటుందా ఇది?"

"ఉంటుంది," అంది రౌని.

"ఫోను కలుపు. తిట్టనులే."

ఆహ్తి ఈసారి వెంటనే ఎత్తాడు. "ఒరేయ్, వినబడుతోందా?" అన్నాడు తైస్తో. "ఈ వైపు గొట్టాలు ఇకనుంచి నువ్వు చూసుకో. క్యోస్తి ఇంట్లో రెండో గొట్టం మెలిక దగ్గర ఇటుక వదులుగా ఉంది, గుండు మెల్లగా దించు. హెల్వి టీచరుగారి పొయ్యి గాలి మారితే పొగని వెనక్కి తంతుంది." ఇంకేదో చెప్పబోయాడు. పెదవులు కదిలాయి గానీ మాట అందలేదు. "అంతే. నువ్వు దొంగవి కాదురా. పొగాకు మాత్రం కొట్టేశావు," అని ఫోను భార్యకి ఇచ్చేశాడు.

తరువాత బల్ల మీద మోచేతులు ఆన్చి, ఇద్దరు ఆడవాళ్ళనీ మార్చి మార్చి చూశాడు. కోపం ఇంకా ఉంది ఆ చూపులో.

"రేపటికి నాకిదంతా గుర్తుండదు. మళ్ళీ తాడు భుజాన వేసుకుంటాను, నాకు తెలుసు. అప్పుడు మీరు చెప్పాలి. నేను అరుస్తాను. అరిచినా చెప్పాలి. ఎన్నిసార్లయినా చెప్పాలి. నా మొహం మీద నవ్వుతూ అబద్ధం చెప్తే మాత్రం, గుర్తున్నా లేకపోయినా, క్షమించను."

"సరే," అంది రౌని. టీచరు తల ఊపింది.

అతను బ్రష్షుని తీసుకెళ్ళి పొయ్యి ముందు కూర్చున్నాడు. పేపరు సాపు చేశాడు. మూలలు మళ్ళీ మడిచాడు, ఒక్కొక్కటీ రెండేసి మడతలు. ఆ పని చేస్తున్నంతసేపూ చేతులు ఎక్కడా తడుముకోలేదు. పేపరు పొయ్యి ముందు ఇటుక అరుగు మీద పరిచి, దాని మీద బ్రష్షు పెట్టాడు.

"తీసుకెళ్ళవా?" అంది రౌని.

"వచ్చేవాడికి పనికొస్తుంది."

బయటికి వచ్చాడు. ఎండ కాస్త పైకెక్కింది, కప్పు అంచు నుంచి మంచు నీళ్ళు చుక్కలుగా పడుతున్నాయి. రౌని కారు తలుపు తీసి పట్టుకుంది. అతను పెరడు దాటి, కారు దగ్గర వెనక్కి తిరిగి, వాకిట్లో నిలబడిన టీచరు కేసి టోపీ ఎత్తాడు. ప్రతి ఇంటి దగ్గరా ఏళ్ళ తరబడి చేసినట్టే, నవ్వుతూ, హుషారుగా.

"వస్తాను టీచరుగారూ! వచ్చే ఏడు మళ్ళీ ఊడుస్తాను!"

పక్కింటి పెరట్లో ఎవరో ఆకులు పోగుచేస్తూ తలెత్తి చూశారు. ఆ ఊళ్ళో ఎవరూ పెరట్లోంచి అరవరు. హెల్వి టీచరు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలా అరిచి ఎరగదు. మెట్ల రెయిలింగు రెండు చేతులతో పట్టుకుని, ఒకప్పుడు తరగతి చివరి బెంచీ దాకా వినబడిన గొంతుతో అరిచింది.

"రావద్దు తైస్తో! నువ్వు పని మానేశావు!"

తైస్తో మొహంలో నవ్వు పోయింది. దవడలు బిగుసుకున్నాయి, మెడ ఎర్రబడింది, తిట్టడానికి నోరు తెరిచాడు. టీచరు కళ్ళు దించలేదు. కన్నీళ్ళు కారుతున్నా దించలేదు. అతను నోరు మూసుకున్నాడు. టోపీ తలకి గట్టిగా లాక్కుని కారులో కూర్చున్నాడు. రౌని తలుపు వేసింది. కారు బిర్చి చెట్ల మధ్య నుంచి సరస్సు రోడ్డు మీదికి ఎక్కి, మలుపు దగ్గర కనుమరుగైంది.

టీచరు లోపలికి వచ్చి తలుపు వేసుకుంది. చల్లారిన కాఫీ కప్పుని అక్కడే ఉంచి, పొయ్యి ముందు ఆగింది. నాలుగు మూలలూ మడిచిన పేపరు మీద ఎర్ర టేపు చుట్టిన బ్రష్షు ఉంది, తీగలకి ఎక్కడా మసి లేకుండా.